నాలుగు నిమిషాలు తెరిచిన తలుపు

విమానం తలుపులు పన్నెండు యాభై అయిదుకు మూశారు. మూసేసరికే లోపల ఉక్కగా ఉంది. లక్ష్ముడు ఇరవై ఒకటో వరుసలో నడవ పక్క సీట్లో కూర్చున్నాడు. మధ్య సీట్లో భార్య మరిడమ్మ, కిటికీ దగ్గర ఆమె తమ్ముడు వెంకీ. ముందు వరుసల్లోనూ వెనక వరుసల్లోనూ కళింగపట్నం వాళ్లే ఇంకో ఎనిమిది మంది. మొత్తం పదకొండు మంది.

చేపల్ని ఇసుక మీద కాకుండా బల్లల మీద ఎలా ఎండబెట్టాలో నేర్పిస్తామంటే మత్స్యకార సంఘం ఈ పదకొండు మందినీ కేరళ పంపింది. ఆరు రోజుల శిక్షణ. వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లారు. వచ్చేటప్పుడు శిక్షణ పెట్టిన వాళ్లే విమానం టిక్కెట్లు కొన్నారు. దారిలో ఒక ఊళ్లో విమానం మారాలి. మారి ఎక్కిన విమానం ఇది. ఎగిరితే గంటంబావులో విశాఖపట్నం. బయట ఆ రోజు నలభై మూడు డిగ్రీలు.

లక్ష్ముడికి యాభై రెండేళ్లు. పద్దెనిమిదేళ్లుగా సరంగు. ఫైబర్ బోటులో ఆరుగురు వేటకెళ్తే ఇంజను పిడి పట్టుకుని నడిపించేవాడు సరంగు. వంశధార సముద్రంలో కలిసే చోట కెరటం లేచినప్పుడు బోటులో ఒక్కడు నిలబడినా బోటు తిరగబడుతుంది. అందుకని సరంగు కూర్చోమంటే కూర్చోవాలి. అక్కడ ప్రశ్నలుండవు. సరంగుకీ ఒక కట్టుబాటు ఉంది. బోటు ఇసుక తాకాక ఆఖరి మనిషి కూడా ఒడ్డెక్కేదాకా అతను పిడి వదలకూడదు. తలలు లెక్క చూసుకుని తను చివర దిగుతాడు. ఒక తుపానులో బోటు రాళ్లకి కొట్టుకున్నప్పుడు కూడా లక్ష్ముడు చివరే దిగాడు. ఎడమ చేతి వేళ్లు రెండు అప్పుడే పోయాయి.

ఒంటి గంట పావుకి విమానం కదలలేదు. చల్లగాలి రావాల్సిన రంధ్రాల్లోంచి ఏమీ రావడం లేదు. జనం సీటు ముందు సంచుల్లో ఉన్న అట్టలు తీసి విసురుకుంటున్నారు.

"బావా, ఎండుసేప ఎలగెండుతాదో ఆరు రోజులు నేర్పినారు. పరీచ్చ ఇక్కడ పెట్టినారేటి?" అన్నాడు వెంకీ.

"నువ్వు ఎండవురా. నీలో ఉప్పు నేదు," అంది మరిడమ్మ. ముందు వరుస వాళ్లు నవ్వారు.

మైకులో ఒకమ్మాయి హిందీలో మాట్లాడింది. లక్ష్ముడు పెళ్లికి ముందు పదేళ్లు గుజరాత్ బోట్ల మీద పనిచేశాడు కాబట్టి హిందీ తెలుసు. చిన్న మరమ్మతు ఉందిట, ఇంకో పది నిమిషాలట, ఓపిక పట్టమని కెప్టెన్ గారు కోరుతున్నారట.

"కెప్టెనంటే?" అంది మరిడమ్మ.

"దీనికి సరంగు. అదిగో, ఆ ముందు గదిలో ఉంటాడు."

వెనక సీట్లోంచి ఒక అమ్మాయి ముందుకి వంగింది. పేరు అరుణశ్రీ, ఊరు నరసన్నపేట. ఎచ్చెర్లలో లా చదువుతోంది. ఎక్కేటప్పుడు వీళ్ల మాట విని పలకరించింది.

"అంకుల్, ఇలా తలుపులు మూసి ఎంతసేపైనా కూర్చోబెట్టడానికి వీల్లేదు. నీళ్లు ఇవ్వాలి, గాలి ఆడేలా చూడాలి, ఆలస్యం మరీ ఎక్కువైతే దింపాలి. అడిగే హక్కు మనకుంది. ఒక్కరు అడిగితే వినరు. మీరు పదకొండు మంది ఉన్నారు, అందరం కలిసి అడుగుదాం."

"అడుగుదుంలే తల్లీ. పది నిమిషాలన్నాడు గదా, సూద్దుం."

పది నిమిషాలయ్యాయి. మైకులో మళ్లీ పది నిమిషాలన్నారు. చిన్న కప్పుల్లో నీళ్లు ఇచ్చుకుంటూ వచ్చారు. పదహారో వరుస దగ్గర నీళ్లు అయిపోయాయి.

ఒంటి గంట నలభైకి మరిడమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. ఆమెకి నలభై ఆరు. రోజూ బీపీ మాత్ర వేసుకుంటుంది.

"మావా, దిగిపోదుం. నాకు బాగోనేదు."

"ఏటయినాది?"

"గుండె దడగున్నాది. దిగిపోయి రేపు రైలెక్కుదుం."

"కెరటంలో ఉన్న బోటు దిగిపోతారేటే ఎవులైనా? సరంగు సెప్పినాడు గదా. ఆడూ మనిసే. ఆడూ ఈ ఉడుకులోనే కూకున్నాడు. ఆడు ఓర్సుకుంటే మనం ఓర్సుకోలేమేటి?"

మరిడమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

ఇంకాసేపటికి ముందు వైపు నుంచి కొంచెం గాలి వచ్చినట్టనిపించింది. ముందు వరుసల్లో పిల్లల ఏడుపు ఆగింది. ముందు వైపు అడ్డుతెర వేసి ఉంది కనుక ఏం జరిగిందో ఇక్కడికి కనపడలేదు.

"సూసినారా? బాగయిపోనాది. ఇంక ఎల్తాది," అన్నాడు లక్ష్ముడు తన వాళ్లతో. వాళ్లు తలలూపారు. గాలి నాలుగు నిమిషాలుండి ఆగిపోయింది. విమానం కదలలేదు.

రెండు ఇరవైకి వెంకీ లేచాడు. అక్కనీ బావనీ దాటుకుని నడవలోకి వచ్చాడు.

"నాను తలుపు కొడతాను. ఇంక ఊరుకునేది నేదు."

అతని వెనక ఊరివాళ్లు నలుగురు లేచారు. వాళ్లని చూసి ముందు వరుసల్లో పది పన్నెండు మంది లేచారు. అరుణశ్రీ ఫోన్‌లో వీడియో తీస్తూ, "తలుపు తీయమని అడగండి, అందరూ అడగండి," అంటోంది. గాలి లేని చోట అంతమంది ఒక్కసారి నడవలోకి వచ్చేసరికి లక్ష్ముడికి కళ్ల ముందు తిరగబడే బోటు కనపడింది. లేచి నిలబడ్డాడు.

"ఒరే వెంకీ, కూకో! కూకోండి అందరూ!"

సముద్రం మీద అరిచే గొంతు అది. ఊరివాళ్లు కూర్చున్నారు. వాళ్లని చూసి మిగతావాళ్లూ ఒక్కొక్కరే కూర్చున్నారు. వెంకీ ఒక్కడు కాసేపు నిలబడి బావ మొహంలోకి చూశాడు. తర్వాత అతనూ కూర్చున్నాడు.

మైకులో మాట్లాడే అమ్మాయి వచ్చి లక్ష్ముడికి చేతులు జోడించింది. ఆమె పేరు రేఖ అని చొక్కా మీద బిళ్లలో ఉంది. ఆమె చొక్కా కూడా తడిసిపోయింది.

"మీరు వీళ్ల పెద్దా?" అంది హిందీలో.

"అవునమ్మా."

"మీ వాళ్లకి ఇబ్బందేమీ లేదు కదా?"

"మాకేమీ ఇబ్బంది లేదమ్మా. సముద్రం మీద బతికేవాళ్లం. మీ కెప్టెన్‌ని కంగారు పడొద్దని చెప్పు."

ఆమె ఒక క్షణం అలాగే నిలబడింది. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

రెండు ముప్పై అయిదుకి మరిడమ్మ మళ్లీ అతని చెయ్యి పట్టుకుంది. మాట నెమ్మదిగా, పక్కవాళ్లకి వినపడకుండా వచ్చింది.

"మావా, తలుపు తియ్యమని సెప్పు. నువ్వు సెప్తే ఇంటారు."

"ఇప్పుడే గదే అందరినీ కూకోబెట్టినాను. నువ్వే లెగిస్తే రేపు నా మాట ఎవడింటాడు? ఒల్లకో, మాటాడకు."

ఆమె చెయ్యి తీసేసింది.

పది నిమిషాల తర్వాత ఆమె తల అతని భుజం మీదికి వాలింది. నిద్రపోయిందనుకున్నాడు. చెంప మీద చెయ్యి వేస్తే పొడిగా ఉంది. పొయ్యి మీది రేకులా కాలుతోంది. ఎండలో ఉన్న మనిషికి చెమట ఆగిపోతే ఏమిటో సరంగులందరికీ తెలుసు. లక్ష్ముడు నడవలో పరుగెత్తాడు. అడ్డుతెర దగ్గర రేఖ ఆపింది.

"నా భార్య పడిపోయింది. తలుపు తెరవండి."

"కెప్టెన్ ఆర్డరు లేకుండా తెరవలేం. పైకి ఫోన్ చేస్తున్నాను. డాక్టర్ని పంపమన్నాను."

"కెప్టెన్‌తో నేను మాట్లాడతాను. నేనూ సరంగునే. చెప్తే అర్థం చేసుకుంటాడు."

"ఆయన ఇప్పుడు మాట్లాడలేరు."

"ఆ తలుపు వెనకే కదా ఉన్నాడు! ఒక్క మాట."

"మాట్లాడలేరండీ," అంది రేఖ. ఆమె నేల చూస్తోంది.

వెంకీ, ఇంకో ఇద్దరు మరిడమ్మని మోసుకుని ముందుకి తెచ్చారు. అరుణశ్రీ ఫోన్‌లో అంబులెన్సుకి వివరాలు చెప్తోంది. మూడూ అయిదుకి ముందు తలుపు తెరుచుకుంది. తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు పట్టీలు ఉన్న ఒకాయన చేతిలో పెట్టెతో మెట్లెక్కి లోపలికి వచ్చాడు. కింద పడుకోబెట్టిన మనిషిని చూసి పెట్టె అక్కడే పడేసి వెనక్కి తిరిగి స్ట్రెచర్ కోసం అరిచాడు. ఎవరో విమానాశ్రయం అధికారి తమ కోసం వచ్చాడనుకున్నాడు లక్ష్ముడు. ఆయన రెండు చేతులూ పట్టుకుని దణ్ణం పెట్టాడు.

*

మరిడమ్మ ఆ ఊరి ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. వేడికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. శ్రీకాకుళం తీసుకొచ్చాక ఏడు వారాలు, వారానికి రెండుసార్లు డయాలసిస్ చేశారు. ఆ తర్వాత మూత్రపిండాలు కొంత పనిలో పడ్డాయి. డాక్టరు డయాలసిస్ ఆపి ఒక్క మాట చెప్పాడు. ఎండలోకి వెళ్లకూడదు. మరిడమ్మ ఇరవై రెండేళ్లుగా కళింగపట్నం ఒడ్డున చేపలు ఎండబెట్టి నరసన్నపేట సంతలో అమ్మిన మనిషి. ఇప్పుడు ఇంట్లో ఫ్యాను కింద కూర్చుంటోంది.

విమానంలో జరిగినదాంట్లో ఆమెకి సగమే గుర్తుంది. దిగిపోదుం అని ఒకసారి అడిగినట్టు గుర్తుంది. వెంకీ లేవడం గుర్తులేదు. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. ఒళ్లు అంత వేడెక్కితే అలా అవుతుందని డాక్టరు చెప్పాడు. రెండోసారి ఆమె ఏమడిగిందో, తను ఏమన్నాడో లక్ష్ముడొక్కడికే తెలుసు. అతను ఎవరికీ చెప్పలేదు.

వెంకీ బావ బోటు మానేశాడు. తగువేమీ పెట్టుకోలేదు. ఒక ఉదయం తన వల భుజాన వేసుకుని ఊళ్లో ఇంకో సరంగు సోములు బోటెక్కాడు. "నీకు సరంగు మీద కోపమేటిరా?" అని ఎవరో అడిగితే, "అక్క బాగయ్యాక సెప్తాను," అన్నాడట.

అరుణశ్రీ ఊరుకోలేదు. శ్రీకాకుళంలో జగన్నాధం అనే న్యాయవాదిని కలిసి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయించింది. విమానం ఎక్కడ ఆగినా కేసు మనముండే జిల్లాలోనే వేసుకోవచ్చని చెప్పింది. నాలుగు నెలలకి విమాన సంస్థ జవాబు వచ్చింది. జగన్నాధం ఆఫీసులో అరుణశ్రీ దాన్ని తెలుగులో చదివి వినిపించింది. మరిడమ్మకి ఆ రోజు నీరసంగా ఉండి రాలేదు.

"ప్రయాణికులెవరూ దిగుతామని కోరలేదని రాశారంకుల్. ఇరవై ఒకటో వరుసలో ఉన్న బృందం పెద్ద తమకి ఇబ్బంది లేదని స్వయంగా చెప్పాడని, లేచిన వాళ్లని ఆయనే కూర్చోబెట్టాడని, అందుకని తలుపు తీయాల్సిన అవసరం కనపడలేదని రాశారు."

లక్ష్ముడు కాగితంలోకి వంగి చూశాడు.

"దీనికి జతగా విమానం లాగ్ పెట్టారు. ఏ నిమిషానికి ఏం జరిగిందో అందులో ఉంటుంది." ఆమె కాగితం తిప్పింది. "పన్నెండు యాభై అయిదు, తలుపులు మూశారు. ఒంటి గంట రెండు, చల్లగాలి యంత్రం పనిచేయడం లేదని గుర్తించారు. ఒంటి గంట యాభై రెండు, ముందు తలుపు తెరిచారు. కెప్టెన్, రెండో పైలట్ డ్యూటీ గంటలు ముగిసినందున దిగిపోయారు. ఒంటి గంట యాభై ఆరు, తలుపు మూశారు. మూడూ అయిదు, కొత్త కెప్టెన్ ఎక్కారు."

"మళ్లీ సదువమ్మా."

ఆమె మళ్లీ చదివింది.

"యాభై రెండుకి దిగిపోనాడా?"

"దిగిపోయాడు."

"మరి నాను కెప్టెన్‌తో మాటాడతానని పోయినప్పుడు?"

"ఆ గదిలో ఎవరూ లేరు అంకుల్."

"మైకులో ఆ పిల్ల సెప్పినాది గదా, కెప్టెన్ గారు కోరుతున్నారని. రెండు గంటలప్పుడు కూడా సెప్పినాది. రెండున్నరకీ సెప్పినాది."

"కాగితం మీద రాసి ఉన్నది చదువుతారు."

లక్ష్ముడు కాగితం తీసుకుని చూశాడు. ఇంగ్లీషు. అంకెలు మాత్రం చదవగలడు. ఒకటి యాభై రెండు ఎక్కడుందో వెతికి దాని మీద వేలు పెట్టాడు.

"మమ్మల్ని ఒగ్గేసి ఎల్లిపోనాడు," అన్నాడు.

జగన్నాధం గొంతు సవరించుకున్నాడు. "పైలట్లకి ఇన్ని గంటలే పని అని నియమం ఉందయ్యా. అలిసిపోయినవాడు విమానం నడపకూడదు. అది మన మంచికే."

"నడపొద్దు బాబూ. ఎవులు నడపమన్నారు? దిగే ముందు మమ్మల్ని దింపాల గదా. తలుపు నాలుగు నిమిషాలు తెరిచే ఉన్నాది గదా. నాను... ఆ గాలి వస్తే బాగయిపోనాదని సెప్పినాను మావోళ్లకి. ఆడు దిగిపోతన్న గాలి అది."

జగన్నాధం కుర్చీ ముందుకి జరిపాడు.

"లక్ష్ముడూ, ఈ లాగ్ మనకి మేలు చేస్తుంది. నీ మాటే మనకి అడ్డు. సోమవారం నిన్ను అడుగుతారు. నేనెవరినీ కూర్చోబెట్టలేదు, ఇబ్బంది లేదని నేననలేదు అని చెప్పు. ఆ అమ్మాయి రాసుకున్న పుస్తకం తప్ప వాళ్ల దగ్గర ఇంకేమీ లేదు. మీ ఊరివాళ్లు నీకు ఎదురు చెప్పరు కదా?"

"సెప్పరు."

"అరుణశ్రీ వీడియో?"

"నా దగ్గరుంది సార్. మనం ఇస్తేనే వాళ్లకి తెలుస్తుంది," అంది అరుణశ్రీ. ఆ మాట అని తల వంచుకుంది.

"ఇంకేం. మీ ఆవిడ అడిగితే నువ్వేమన్నావన్నది కూడా ఎత్తకు. ఆమెకి గుర్తున్నంతవరకే ఆమె చెప్తుంది."

లక్ష్ముడు లేచాడు. ఇంటికెళ్లాక మరిడమ్మ ఏం రాశారని అడిగితే కెప్టెన్ దిగిపోయిన సంగతి చెప్పాడు. ఆమె చాలాసేపు తిట్టింది. కెప్టెన్‌ని, అతన్ని కన్నవాళ్లని, ఆ విమానం చేసినవాణ్ని తిట్టింది.

"నీ అంతటోడు నమ్మితే ఇలగ సేస్తాడా? నువ్వయితే అలగ సేస్తావేటి?" అంది చివరికి.

అతను మంచినీళ్లు తాగి బయటికొచ్చాడు. మూడు రోజులున్నాయి సోమవారానికి. ఆ మూడు రోజులూ వేటకి పోలేదు.

*

కమిషన్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అధ్యక్షురాలు యాభై దాటిన మనిషి. మరిడమ్మ వెనక బెంచీ మీద కూర్చుంది. పక్కన వెంకీ. విమాన సంస్థ న్యాయవాది తెలుగువాడే.

"లేచిన ప్రయాణికుల్ని కూర్చోమని అరిచింది మీరేనా?"

జగన్నాధం లక్ష్ముడి వైపు చూశాడు.

"నానే," అన్నాడు లక్ష్ముడు.

"ఇబ్బంది లేదని మా సిబ్బందితో అన్నారా?"

"అన్నాను."

"నా ప్రశ్నలు అయిపోయాయండీ," అని న్యాయవాది కూర్చున్నాడు. జగన్నాధం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

అధ్యక్షురాలు రాస్తున్న కలం ఆపింది. "ఎందుకు కూర్చోబెట్టారు?"

"ఆడు లోపలున్నాడనుకున్నానమ్మా. బోటు నడిపేవోడు బోటులో ఉన్నంతసేపు ఆడి మాట మీద కూకోవాల. మా దగ్గర అలగే. ఆడు దిగిపోనాడని ఎవులూ సెప్పనేదు. ఆడి పేరు సెప్పి కూకోబెట్టినారు. మావోళ్లని నాను కూకోబెట్టినాను."

"మీ భార్య దిగుతానని అడిగారా?"

అడిగింది అని చెప్పి ఇక్కడితో ఊరుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు. లక్ష్ముడు వెనక్కి చూడలేదు.

"రెండుసార్లు అడిగినాదమ్మా. మొదటిది దానికి గురుతున్నాది. రెండోది నేదు. అప్పటికి ఆ కెప్టెను దిగిపోయి ముప్పావుగంటయినాది. తలుపు తియ్యమని సెప్పు, నువ్వు సెప్తే ఇంటారు అన్నాది. నాను సెప్పనేదు. అందరినీ కూకోబెట్టినోణ్ని, నా పెళ్లామే లెగిస్తే నా మాట పోతాదనుకున్నాను. ఒల్లకోమన్నాను. పది నిమిషాలకి పడిపోనాది."

అధ్యక్షురాలు రాసుకుంది. వెనక బెంచీ కిర్రుమంది. వెంకీ లేచి బయటికి వెళ్లిపోయాడు. మరిడమ్మ లేవలేదు.

వాయిదా వచ్చే నెలకి వేశారు. బయట మెట్ల దగ్గర జగన్నాధం, "నీ నోటితో నువ్వే..." అని మొదలుపెట్టి ఆపేశాడు. అరుణశ్రీ మాత్రం, "వీడియో ఇచ్చేద్దాం సార్. కెప్టెన్‌కి చెప్పమని ఆయన ఆ అమ్మాయితో అన్నది అందులో వినపడుతుంది," అంది.

ఆర్టీసీ కాంప్లెక్సులో కళింగపట్నం బస్సు ఎక్కారు. మరిడమ్మ కిటికీ పక్కన, లక్ష్ముడు ఇటు పక్కన కూర్చున్నారు. బస్సు ఊరు దాటాక ఆమె అడిగింది.

"నిజంగా అడిగినానా?"

"అడిగినావు."

"నువ్వేటన్నావు? అక్కడ సెప్పినట్టు కాదు. అన్నది అన్నట్టు సెప్పు."

అతను చెప్పాడు. 'ఒల్లకో' అన్నది కూడా చెప్పాడు.

శ్రీకూర్మం మలుపు దాటింది. ఆమె చేతిలోని మందుల సంచిని ఒళ్లో పెట్టుకుని దాని ముడి విప్పింది, మళ్లీ వేసింది.

"ఆడెవుడో నాకు తెల్దు. ఆడు ఒగ్గేస్తే ఒగ్గేసినాడు. నువ్వు పక్కనే ఉన్నావు మావా. నా సెయ్యి నీ సేతి మీదే ఉన్నాది."

లక్ష్ముడు ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ సెప్పనేదు. ఆసుపత్రిలో నా కాళ్ల దగ్గర కూకుని ఏడిసినావు, అప్పుడూ సెప్పనేదు. నాకు గురుతు నేదని ఊరుకున్నావు."

"ఇయ్యాల సెప్పినాను గదే."

"ఆలకి సెప్పినావు. నాకు కాదు."

గార ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా రోడ్డు పక్క ఇళ్లు నాలుగు వచ్చాయి. అక్కడ ఆమె చెల్లెలు ధనలక్ష్మి ఉంటుంది. స్టాపు లేదు. మరిడమ్మ సంచి పట్టుకుని లేచింది.

"దనలచ్చిమి ఇంటికి ఎల్తన్నాను."

"ఎన్నాళ్లు?"

ఆమె అతని వైపు చూడలేదు. "ఆపు బాబూ, దిగాల," అంది కండక్టరుతో.

కండక్టరు ఆమె మొహం చూసి విజిల్ వేశాడు. బస్సు ఆగింది. లక్ష్ముడు కాళ్లు పక్కకి తీసి దారి ఇచ్చాడు. ఆమె దిగింది.